అత్త పేరున్న సీసా

"ఆ చేతులతో పాకం ముట్టద్దు."

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి సుధాలక్ష్మి రోజూ వింటున్న మాట అది. ఆస్పత్రి లాబ్ నుంచి వచ్చి, పెరట్లో పసుపునీళ్ళు పోసుకుని, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని లోపలికి అడుగు పెట్టగానే, పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న అత్త పెరియనాయగి తల తిప్పకుండానే అనేది. కోపంగా కాదు. చెప్పులు వాకిట్లో విడిచి రమ్మన్నంత మామూలుగా. పెరియనాయగి పరాయిది కాదు, నాన్నకు సొంత అక్క. చిన్నప్పుడు పుదూరు నుంచి సెలవులకు కోవిల్‌పట్టి వస్తే, గరిటె చివర సాగే బెల్లం తీగను వేలికి చుట్టి నోట్లో పెట్టిన మనిషి. లాబ్ టెక్నీషియన్ చదివిన మేనకోడల్ని కోరి కొడుక్కి చేసుకుంది. కొలువు మానమనలేదు. కాకపోతే ఊళ్ళోవాళ్ళ ఉమ్మూ చీమూ మలమూ పట్టే చేతులు సరుకు మీద పడకూడదు. అదొక్కటే షరతు.

సరుకంటే వేరుశనగ మిఠాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో వేయించిన పప్పులు పాకంలో పోసి, బల్ల మీద పరిచి, చల్లారాక కోసి, కాగితం చుట్టి బస్టాండు అంగళ్ళకు పంపుతారు. కోసేదీ చుట్టేదీ ఆడవాళ్ళే. ఎండాకాలం ఆ రేకుల కింద వాళ్ళకు దాహానికి నీరుమజ్జిగ ఇవ్వాలి. ఆ మజ్జిగ కలిపేది మాత్రం సుధాలక్ష్మే. తెల్లారి నీళ్ళు పట్టి, పిండి రుబ్బి, దోసెలు పోసి, మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి, ఆస్పత్రికి పరిగెత్తే ముందు పెద్ద గుండిగలో పెరుగు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి గడ్డలు నలిపి, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి మూతపెట్టాలి. కొత్తలో ఒకసారి అడిగింది కూడా.

"పాకం ముట్టద్దంటివి. మజ్జిగ మాత్రం కలపచ్చునా అత్తా?"

"అది అమ్మేదానికా? పనివాళ్ళు తాగేదానికి నీ చెయ్యి చాల్లే."

అప్పుడు నవ్వొచ్చింది. పాకం పనైనా తప్పింది కదా అనుకుంది. షెడ్డులో ముత్తమ్మాళ్ అనే అమ్మాయి రోజూ గ్లాసు ఎత్తి పట్టుకుని, "అక్కా, మీ చేతిలో ఏముందో గానీ ఇది తాగితే ఎండ తెలీదు" అని అరవంలో అనేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మెచ్చుకోలు ఎప్పుడూ గడప అవతలి భాషలోనే వచ్చేది సుధాలక్ష్మికి. ఇవతలి భాషలో వచ్చేది వేరు. "నువ్వు చేసేది ఏముందిలే, సీసాల మీద పేర్లు రాసేదేగా" అనేవాడు రామసుబ్బు. భర్తే అయినా మేనత్త కొడుకు కనుక అతన్ని బావా అనే పిలుస్తుంది. బావ చెడ్డవాడు కాదు. తిన్న కంచం ఎత్తడం అనేది ఒకటుంటుందని అతనికి తెలియదు, అంతే.

సీసాల మీద పేర్లు రాయడమే కాదు ఆ పని. అసలు పని సీసా ఇవ్వడంలో ఉంది. ఏం తేవాలో, ఎట్లా తేవాలో, ఎప్పుడు తేవాలో చెప్పడంలో ఉంది. అగ్గిపెట్టెలు తయారుచేసే ఊరు అది. మలపరీక్ష అనగానే మగా ఆడా అందరూ చక్కగా అగ్గిపెట్టెలో పట్టుకొచ్చేవాళ్ళు. అగ్గిపెట్టె అట్ట తడి పీల్చేస్తుంది, ఎండిన నమూనాలో క్రిములు చచ్చిపోతాయి, రోగం ఉన్నవాడు కూడా లేదనిపించుకుని ఇంటికి పోతాడు. అందుకే వెడల్పు మూతి సీసా ఇచ్చి, ముందు ఒంటేలు వేరేగా పోసి రావాలని, నీళ్ళు తగలకూడదని, బూడిద అసలే తగలకూడదని, ఉసిరికాయంత చాలని, తెచ్చాక ఎండలో పెట్టొద్దని ఒక్కొక్కరికీ చెప్పేది. కళ్ళెకు బదులు ఉమ్ము తెచ్చేవాళ్ళను వెనక్కి పంపేది. వింటున్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసేవాళ్ళు. వాళ్ళ సిగ్గును బతిమాలి, బెదిరించి, నవ్వించి సీసాలోకి తేవాలి. సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ పరీక్ష కోవిల్‌పట్టిలో లేదు. విరుదునగర్ లాబ్‌కు ఐస్ పెట్టెలో పెట్టి బస్సులో తనే తీసుకుపోవాలి.

తొంభై ఎనిమిది వేసవిలో షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళు జ్వరంతో పడిపోయారు. ఎండదెబ్బ అన్నారు. మూడో మనిషి ముత్తమ్మాళ్. ఆమె తల్లి ఇసక్కియమ్మాళ్ భుజాన వేసుకుని ఆస్పత్రికి తెచ్చేసరికి మనిషి కలవరిస్తోంది, నాలుక తెల్లగా పూసి ఉంది. నర్సు ఇంజెక్షన్ ఎక్కించబోతుంటే సుధాలక్ష్మి ఆపి, చర్మం రెండుసార్లు తుడిచి, ముందు రక్తం తీసి కల్చర్ సీసాలోకి ఎక్కించింది. మందు లోపలికి పోయాక తీస్తే క్రిమి దొరకదు. ఆ సీసా విరుదునగర్ పోయింది. టైఫాయిడ్ అని వచ్చింది.

ఆస్పత్రి డాక్టర్ అంతోణి పెద్దాయన. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముగ్గురూ మీ షెడ్డువాళ్ళేనటమ్మా. ఊళ్ళో ఇంకెవరికీ లేదు. మీ మిఠాయి తిన్నవాళ్ళకీ లేదు. అంటే షెడ్డులో తాగేదాన్లో ఉంది. అక్కడ ఏం తాగుతారు?"

"నీరుమజ్జిగ సార్."

"ఎవరు పోస్తారు?"

"మా అత్త."

అబద్ధం కాదు. పోసేది అత్తే. ఆయన పోసేది ఎవరని అడిగాడు, కలిపేది ఎవరని అడగలేదు. అడిగినదానికి జవాబు చెప్పాననుకుంది సుధాలక్ష్మి. నోరు మూసుకున్న ఆ క్షణంలో లోపల ఏదో చిన్నగా కదిలింది, దాన్ని తొక్కిపెట్టింది.

"కొందరికి జ్వరం పోయినా క్రిమి పోదు. పిత్తాశయంలో కూర్చుంటుంది. మనిషి ఆరోగ్యంగానే ఉంటుంది, వంట చేస్తుంది, వడ్డిస్తుంది, పంచుతూ ఉంటుంది. ఆమెకే తెలియదు. మీ అత్తగారివీ మీ ఆయనవీ మలం నమూనాలు తీసుకురా. ఒక్కసారికి తేలదు, రోజు విడిచి రోజు మూడుసార్లు పంపు. నీకు నేను చెప్పేదేముంది, నువ్వు ఆస్పత్రి మనిషివి."

ఆస్పత్రి మనిషివి. ఆ మాటకు పొంగిపోయింది కూడా. సీసాలు పంచేవాళ్ళ సీసా ఎవరూ అడగరు.

ఇంట్లో చెబితే రామసుబ్బు పడీ పడీ నవ్వాడు. అయినా ఇచ్చాడు, అగ్గిపెట్టెలో. అది పారేసి సీసా చేతికిస్తే, "కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నా ఇన్ని రూల్స్ ఉండవే" అని గొణిగి మళ్ళీ ఇచ్చాడు. పెరియనాయగి నవ్వలేదు. సీసా వైపు చూసి, కోడలి వైపు చూసి, కొంగు దులుపుకుని లేచింది.

"చచ్చినా ఇయ్యను."

"అత్తా, ముత్తమ్మాళ్ పరిస్థితి బాగాలేదు. కడుపులో పేగుకు చిల్లి పడొచ్చునంటున్నారు."

"దానికి నా పెంట ఏంటికి? నా తమ్ముడి బిడ్డ చేత నాది పట్టించుకునేదానికంటే రైలు కింద పడేది మేలు. దాన్ని నువ్వు పెట్టెలో పెట్టుకోని బస్సులో పోతావా? పక్కన కూర్చున్నోళ్ళు ఎవురిదమ్మా అంటే మా అత్తదని చెబుతావా?"

"ఎవరూ అడగరత్తా."

"అడక్కపోయినా నీకు తెలస్తాది కదా."

అది మొండితనం కాదు. ఆ మాటలో తన మీద ప్రేమ లాంటిదేదో కూడా ఉంది, అందుకే ఎదురు చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దున సీసా ఖాళీగా పెరటి గట్టు మీదే ఉంది. రామసుబ్బు పళ్ళు తోముకుంటూ దారి చూపించాడు.

"ఆమె ఇయ్యదు. నువ్వే ఇచ్చెయ్. పేరు ఆమెది రాసెయ్. సీసాల మీద పేర్లు రాసేది నువ్వేగా."

"అట్లా చేస్తే ఎట్లా బావా? అత్తకు నిజంగా ఉంటే?"

"ఎవురికి ఉండేది? గుండ్రాయి మాదిరి ఉంది మా అమ్మ. లేనిదాన్ని లేదని రాయిస్తే తప్పేముంది? ఆస్పత్రిలో మాట, ఇంట్లో మాట, రెండూ నిలబడతాయి. ఊరికే లాగద్దు."

రెండు మాటలూ నిలబడాలి. అందుకోసం వంగవలసింది ఎప్పుడూ ఆమే. బస్సుకు వేళవుతోంది, గుండిగలో పెరుగు ఇంకా నలపలేదు, దోసె మాడిపోతోంది. ఆ హడావిడిలో ఒక తప్పు చేయడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. సుధాలక్ష్మి సీసా తీసుకుని పెరటి చివరికి వెళ్ళింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, సీసా మీద తెల్ల ప్లాస్టరు అంటించి, పెరియనాయగి అని రాసింది. అక్షరాలు ఎప్పుడూ లేనంత గుండ్రంగా వచ్చాయి.

విరుదునగర్ లాబ్‌లో కల్చర్ చూసే డాక్టర్ దేవిప్రియ తన ఈడుదే. సీసా మూత తీసి, "మీ ఊరి నమూనాలు మాత్రం చూడగానే తెలుస్తాయి సుధా, పద్ధతిగా ఉంటాయి" అంది. సుధాలక్ష్మి తల వంచుకుంది. మొదటి విడత రెండు సీసాల్లోనూ ఏమీ పెరగలేదు. రెండో విడతా అంతే.

మామూలుగా అయితే గుండె తేలికపడాలి. సుధాలక్ష్మికి మాత్రం నిద్ర కరువైంది. అత్త సీసాలో తన నమూనా ఉంది, తనది శుభ్రంగా ఉంది, అంటే అత్తకు లేదని ఎవరు చెప్పారు? బావకు లేదు, తనకు లేదు, మరి షెడ్డులో ముగ్గుర్ని పడగొట్టింది ఎవరు? లెక్క నేరుగా పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న మనిషి దగ్గరికే పోతోంది. క్రిమి అక్కడ కూర్చుని ఉంది, దానికి తను చేతులారా దుప్పటి కప్పుతోంది. ఇప్పుడు అత్త ప్రతి పనీ భయంగా కనిపించసాగింది. అత్త చెంబు ముంచితే చూస్తుంది, కొంగుతో చెయ్యి తుడుచుకుంటే చూస్తుంది, షెడ్డులో గ్లాసులు అందిస్తుంటే గుమ్మంలోనే నిలబడిపోతుంది. "ఏమే, నన్ను కొత్తగా చూస్తావుండావు?" అనడిగింది పెరియనాయగి. "ఏం లేదత్తా" అంది. లోపల ఇంకో నీచమైన సంగతి ఉంది. ఇన్నేళ్ళు ఆ చేతులతో ముట్టద్దని విన్న చెవులకు, ముట్టకూడని చేతులు అవతలివేనేమో అన్న ఊహ తియ్యగా తగిలింది. ఆ తియ్యదనం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది. ముత్తమ్మాళ్ మంచం పక్క నుంచి నడిచినప్పుడల్లా మళ్ళీ చచ్చిపోయేది.

మూడో విడతా తనే ఇచ్చింది. రెండుసార్లు చేసిన పని మూడోసారి చేయడానికి కారణం కూడా వెతుక్కోలేదు.

ఫలితం తెలుసుకోవడానికి విరుదునగర్ వెళితే దేవిప్రియ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. కిటికీ దగ్గర వెలుతురులో గాజు పళ్ళెం ఎత్తి పట్టింది. లేత ఆకుపచ్చ జిగురు మీద నల్లటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నూనె తేలినట్టు లోహపు మెరుపు.

"దొరికింది. మూడోసారికి బయటపడింది. ఇంకా కొన్ని పరీక్షలు చేసి చూశాను, అనుమానం లేదు. మీ ముత్తమ్మాళ్ రక్తంలో ఉన్నదీ ఇదే."

"ఎవరిది?"

"మీ అత్తగారిది. మీ ఆయనది మూడుసార్లూ శుభ్రం." దేవిప్రియ ఆమె ముఖం చూసి కుర్చీ జరిపింది. "భయపడకు సుధా. నెలరోజులు మాత్రలు వేస్తే చాలామందికి పోతుంది. పాపం, ఆవిడకు తెలియదు కదా. చిన్నప్పుడెప్పుడో పెద్ద జ్వరం వచ్చి ఉంటుంది, అడుగు."

అడగక్కర్లేదు. పుదూరులో, పదో తరగతి పరీక్షలప్పుడు, జుట్టంతా రాలిపోయేలా వచ్చిన జ్వరం. ఆ ఏడు చదువు పోయింది. జ్వరం తగ్గాక అత్తే వచ్చి కోవిల్‌పట్టికి తీసుకుపోయి, గంజి తాగించి, మనిషిని చేసి పంపింది.

బస్సెక్కింది. సాత్తూరులో దోసకాయలు అమ్మేవాళ్ళు కిటికీల మీద పడి ఎగబడుతున్నారు. ఒకామె కోసి ఉప్పుకారం అద్దిన ముక్క చాచి, "తినమ్మా, కడుపు చల్లబడుతుంది" అంది. సుధాలక్ష్మి చేతులు ఒళ్ళో కొంగు కింద దాచుకుంది. మిఠాయి తిన్న ఊరంతా క్షేమంగా ఉంది. సరుకును కాపాడిన షరతు మనుషుల్ని కాపాడలేదు. పనివాళ్ళు తాగేదానికి నీ చెయ్యి చాల్లే అన్నది అత్త. కానీ మోచేతి దాకా పెట్టి నలిపింది ఎవరు? లాబ్‌లో సబ్బుతో, మందుతో, గోళ్ళ కింద బ్రష్షుతో కడిగే మనిషి, ఇంటి పెరట్లో తెల్లారి చీకట్లో దోసె మాడిపోతుందని చెంబెడు నీళ్ళతో సరిపెట్టుకుంది. ఊళ్ళోవాళ్ళ క్రిములంటే ఉన్న జాగ్రత్త తన మీద తనకు లేకపోయింది. తనకూ ఒక కడుపు ఉందనీ, అందులోనూ ఏదో ఉండొచ్చుననీ ఎప్పుడూ తట్టలేదు. తను మోసే మనిషి, మోయబడేవి ఎప్పుడూ వేరేవాళ్ళవి. పోసేది ఎవరు అని డాక్టరు అడిగినప్పుడు లోపల కదిలింది ఇదేనా? అప్పటికే తెలుసా తనకు?

ఆమె ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. దేవిప్రియ ఆస్పత్రికి ఫోను చేసింది, ఆస్పత్రి నుంచి ముత్తమ్మాళ్ తల్లికి తెలిసింది. ఇసక్కియమ్మాళ్ వీధిలో నిలబడి, జనం పోగయ్యేలా పెరియనాయగిని తిట్టి, ఒక గుప్పెడు మన్ను ఇంటి గుమ్మంలోకి విసిరి పోయిందట. మన్ను ఇంకా గడప మీద ఉంది. ఎవరూ ఊడవలేదు, కోడలు రావాలి కదా.

రామసుబ్బు షెడ్డులో లేడు, ఇంటి నడిమి కూడంలోనే కాచుకుని ఉన్నాడు. "వచ్చినావా. మంచిదేలే, అమ్మ పేరుతోనే వచ్చినాది."

"బావా, అది నాది."

"తెలుసు. అరవద్దు. నేను అంతా యోచన చేసినా. అమ్మ పేరు మీద మాత్రలు ఇస్తారు, నువ్వు మింగు. నెలలో పోతాదంట కదా. నీ కొలువూ పోదు, ఊళ్ళో నీ పేరూ చెడదు. అమ్మ ముసల్ది, ఈ నెల పొయ్యి దగ్గరికి రాకుండా మూల కూర్చుంటాది. డాక్టరూ అదే చెప్పినాడు."

"మరి పాకం?"

"నువ్వు పట్టు. పొద్దున ముందుగా లేస్తే సరి. మజ్జిగ ఎట్లాగూ నీదే."

నిజంగా యోచన చేశాడు. ఒక్క తాడు కూడా వదులుగా లేదు. క్రిమి ఉన్న మనిషిని పొయ్యి దగ్గర నిలబెట్టి, లేని మనిషిని మూల కూర్చోబెట్టే ఏర్పాటు, అందరి పరువూ కాపాడే ఏర్పాటు. భయం ఏమిటంటే, వింటుంటే సుధాలక్ష్మికి కూడా అది సులువుగా అనిపించింది. చేతులు బాగా కడుక్కుంటే చాలు. మాత్రలు దొంగతనంగా మింగితే చాలు. ఎవరికీ తెలియదు. సీసా మీద రాసిన గుండ్రటి అక్షరాలకు ఇంకొంచెం కాలం లోబడి ఉంటే చాలు.

పెరట్లో పెరియనాయగి గట్టు మీద కూర్చుని ఉంది. పని లేకుండా ఆమె చేతులు చూడడం అదే మొదటిసారి. మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకుంది, ఎవరివో వస్తువులు చూసుకోమని ఇచ్చి పోయినట్టు.

"నీదా?" అనడిగింది.

"నాదే అత్తా."

"నేను ఇయ్యలేదని నాకు తెలుసు కదా. ఇసక్కి మన్ను పోస్తావుంటే నోటిదాకా వచ్చినాది. నాది కాదే, నేను సీసానే ముట్టలేదు అని. రామసుబ్బు నా చెయ్యి పట్టుకోని నొక్కినాడు. నోరు మూసుకున్నా." మోకాళ్ళ మీది చేతులు తిప్పి చూసుకుంది. "నేనే ఆ సీసాలో ఇచ్చి ఉంటే నీ గుట్టు బయటపడేది కాదు. నువ్వు ఇట్లే కలుపుతా ఉండేదానివి. ఏది పాపమో, ఏది పున్నెమో నాకు తెలీలేదే."

"నన్ను తిట్టు అత్తా."

"తిట్టేదానికి బలం లేదు. రేపటి నుంచి పాకం నువ్వే పట్టాలంట. నీ చేతులు ముట్టద్దన్న నోటితోనే చెప్పమన్నాడు. చెబుతావుండా."

తిట్టి ఉంటే బతికిపోయేది సుధాలక్ష్మి. గడప మీద మన్ను తనే ఊడ్చింది. ఊడ్చి చేటలోకి ఎత్తాక దాన్ని ఎక్కడ పోయాలో తెలియక చాలాసేపు పట్టుకుని నిలబడింది.

తెల్లారి నీళ్ళు పట్టలేదు. దోసెలు పోయలేదు. చీర కట్టుకుని నేరుగా ఆస్పత్రికి నడిచింది. డాక్టర్ అంతోణి ఇంకా స్టెతస్కోపు మెడలో వేసుకోలేదు.

"సార్, మా అత్త పేరుతో పంపిన మూడు సీసాలూ నావి. ఆమె ఇవ్వలేదు. మజ్జిగ పోసేది ఆమె, కలిపేది నేను. మీరు అడిగినప్పుడు చెప్పలేదు."

ఆయన చేతిలోని స్టెతస్కోపు బల్ల మీద పెట్టేశాడు. "ఎందుకమ్మా?" అన్నాడు. కేకలు వేస్తాడని సిద్ధపడి వచ్చింది, ఈ ప్రశ్నకు సిద్ధపడలేదు.

"ఇంట్లో గొడవ లేకుండా ఉంటుందని సార్."

"ఇన్నేళ్ళు నమూనా సరిగ్గా లేదని మందిని వెనక్కి పంపినదానివి." అంతకంటే పెద్ద శిక్ష ఆయన దగ్గర లేదు. తర్వాత మామూలు గొంతుతో చెప్పాడు. మాత్రలు ఈ రోజే మొదలుపెట్టాలి. మాత్రలు అయ్యాక మళ్ళీ మూడుసార్లు శుభ్రమని తేలేదాకా లాబ్‌లోకి రాకూడదు, ఇంట్లో అన్నం, నీళ్ళు, మజ్జిగ ఏదీ ముట్టకూడదు. అత్త నమూనాలు నిజంగా రావాలి, అవి తేలేదాకా ఆమెకూ అదే నియమం. కొలువు ఉంటుందో ఊడుతుందో తర్వాతి మాట. సుధాలక్ష్మి తలాడించి, వెడల్పు మూతి సీసా ఒకటి అడిగి తీసుకుని వార్డులోకి నడిచింది.

ముత్తమ్మాళ్‌కు జ్వరం దిగుతోంది. పేగుకు చిల్లి పడలేదు అన్నాడు డాక్టరు, ఇంకా నమ్మకంగా చెప్పలేనన్నాడు. పక్కన నేల మీద ఇసక్కియమ్మాళ్ కూర్చుని ఉంది. సుధాలక్ష్మి నిలబడే చెప్పింది. అరవంలో చెప్పింది, ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. ముత్తమ్మాళ్ ఆమె ముఖం వైపు ఒకసారి చూసింది, తర్వాత ఆమె చేతుల వైపు చూసింది, తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇసక్కియమ్మాళ్ లేచింది. "నిన్న ఆ ముసలామెను వీధిలో పెట్టి అన్ని మాటలన్నాను. అవన్నీ ఇప్పుడు నీకు మళ్ళీ మొదటి నుంచీ అనాలా?"

"అనండి."

"ఓపిక లేదు. పో ఇక్కణ్ణించి."

పోయింది. ఆ మాటలు వెనక నుంచి తగిలి ఉంటే బాగుండేది. అనకుండా మిగిలిపోయినవి ఎంత కాలం వెంట వస్తాయో ఆమెకు తెలియదు.

ఇంటికొచ్చేసరికి షెడ్డులో ఆడవాళ్ళు బల్లల దగ్గర కూర్చున్నారు. పొయ్యి మీద పెద్ద బాణలిలో బెల్లం కరగడానికి సిద్ధంగా ఉంది. పక్కన గుండిగలో పెరుగు. రామసుబ్బు నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏడికి పోయినావే? ఎంతసేపటి నుంచి కాచుకోనుండా. ముందు మజ్జిగ కలుపు, తర్వాత పాకం."

సుధాలక్ష్మి అతన్ని దాటుకుని ఆడవాళ్ళ ముందు నిలబడింది. జ్వరం తెచ్చింది అత్త కాదు, నేను, అని చెప్పింది. మజ్జిగ కలిపే చెయ్యి ఇదే అని ఎత్తి చూపించింది. నాకు తెలియకుండా జరిగింది మొదట్లో, కానీ సీసా మార్చింది తెలిసే చేశాను, అని చెప్పింది. ఒకామె ముందున్న ఖాళీ గ్లాసును బోర్లించి, చేత్తో దూరంగా నెట్టింది.

"నీకేమైనా పిచ్చి పట్టినాదా?" రామసుబ్బు గొంతు తగ్గించి తెలుగులోకి వచ్చాడు. "లోపలికి రా. లోపల మాట్లాడదాం."

ఆమె లోపలికే వెళ్ళింది, పెరట్లోకి. అత్త గట్టు మీదే ఉంది, షెడ్డులో మాటలన్నీ విన్నట్టుంది. సుధాలక్ష్మి కొంగు కింది నుంచి సీసా తీసి ఆమె పక్కన పెట్టింది. బతిమాలలేదు, బెదిరించలేదు. పెరియనాయగి సీసాను తిప్పి చూసింది. ప్లాస్టరు మీద పేరు లేదు, ఖాళీగా ఉంది.

"బస్సులో ఎవురు తీసకపోతారు?" అంది.

"ఆస్పత్రి వాళ్ళే పంపుతారు. నేను ముట్టను."

"అయితే సరే." సీసా చేతిలోకి తీసుకుని, మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచి, పెరటి చివరికి నడిచింది పెరియనాయగి.

రామసుబ్బు గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూస్తున్నాడు. షెడ్డులోంచి ఆడవాళ్ళు కూడా చూస్తున్నారు. పొయ్యిలో కట్టెలు అంటుకోనే లేదు. "సరే, అమ్మ ఇస్తాది, నువ్వు మాత్రలు మింగుతావు. అంతా బాగుండాది. ఈ పూట పాకం సంగతి ఏంటి? సరుకు ఎవురు చేస్తారు? ఇంట్లో కూడు ఎవురు వండుతారు?"

సుధాలక్ష్మి రెండు చేతులూ కట్టుకుని గట్టు మీద, అత్త కూర్చున్న చోటే కూర్చుంది.

"ఈ ఇంట్లో మూడుసార్లూ శుభ్రమని తేలింది నువ్వొక్కడివే బావా."